మొదటి .22 పిస్టల్ కొనబోతున్న మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాయగడ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. గురి సాధన కోసం తక్కువ ధరలో ఒక .22 పిస్టల్ కొనుక్కోవాలని ఉందనీ, ఏది తీసుకోవాలో చెప్పమనీ అడిగావు. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టిన నాటి నుంచి ఈ .22 తూటాతో, అంటే సుమారు 0.22 అంగుళాల వ్యాసమున్న చిన్న తూటాతో, నాకు పరిచయం ఉంది కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగానే రాస్తున్నాను. పిస్టల్‌ను ఒక్కసారే కొంటావు, తూటాలను మాత్రం సాధన చేసినన్నాళ్లూ కొంటూనే ఉంటావు. అందుచేత దొరికే మామూలు తూటాను తడబడకుండా కాల్చగలిగే పిస్టలే నిజానికి చవకైనది. కొన్నప్పటి ధర చూసి మురిసిపోతే ఆ తరువాత చింతించవలసి వస్తుంది.

టెక్సస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి చెప్పే మాటలు విని నీకు ఈ ఆశ పుట్టిందని నాకు తెలుసు. అక్కడ 1949 నుంచి వస్తున్న రూగర్ పిస్టళ్లు, 1985లో వచ్చిన బ్రౌనింగ్ బక్ మార్క్ వంటివి సామాన్యుడి సాధనకు అందుబాటులో ఉన్నాయి. రూగర్ పాత నమూనాలను శుభ్రం చేయడానికి విప్పితే తిరిగి కూర్చడం కొత్తవారికి కష్టం. 2016లో వచ్చిన మార్క్ 4లో వెనుక ఒక బొత్తాం నొక్కితే పైభాగం తెరుచుకొనే ఏర్పాటు చేశారు. ఈ వివరాన్ని నువ్వు చిన్నదిగా తీసుకోవద్దు, ఎందుకంటే విప్పడం కష్టమైన పిస్టల్‌ను ఎవరూ శుభ్రం చేయరు. అయితే అక్కడి అంగళ్లలో దొరికేవి మనకు అలా దొరకవు. విదేశీ పిస్టల్ దిగుమతికి క్రీడాకారుడిగా గుర్తింపు, అనుమతులు ఉండాలి.

మన దేశంలో తయారైనదే కొందామనుకుంటే, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన ‘నిడర్’ అనే .22 రివాల్వర్ నీ కంటపడుతుంది. దాని బరువు దాదాపు పావు కిలో, గొట్టం చాలా పొట్టి. జేబులో పెట్టుకోవడానికి చేసినది కనుక 25 మీటర్ల దూరంలోని లక్ష్యానికి అది పనికిరాదు. ధర చూసి దానివైపు మొగ్గవద్దు.

ఇక నీకు మిగిలిన దారి, పోటీలు మానుకున్న ఒక షూటర్ వద్ద ఉన్న పాత స్పోర్ట్ పిస్టల్‌ను లైసెన్సున్న డీలరు ద్వారా తీసుకోవడం. నేరుగా కొనాలంటే అమ్మేవారు జిల్లా మేజిస్ట్రేటుకో పోలీసు స్టేషను అధికారికో లిఖితపూర్వకంగా ముందే తెలిపి, 45 రోజులు గడిచిన తరువాతే చేతులు మార్చాలి. అటువంటి పిస్టల్‌ను చూడడానికి వెళ్లేటప్పుడు తొందరపడవద్దు. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి, గొట్టం వెనుక తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న తరువాతే మిగిలిన పరీక్షలు మొదలుపెట్టాలి. .22 తూటా రిమ్‌ఫైర్ రకం, అంటే దెబ్బకు అంటుకునే మందు దాని అడుగుభాగపు అంచులో ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ముందుకు దూకే పిన్ను ఆ అంచును కొడితేనే తూటా పేలుతుంది. లోపల తూటా లేకుండా పదేపదే ట్రిగ్గర్ నొక్కితే, కొన్ని పిస్టళ్లలో ఆ పిన్ను గొట్టం వెనుక అంచునే కొట్టి గంటు పెడుతుంది. టార్చి వేసి ఆ చోటు చూడు. అక్కడ గంటు కనిపిస్తే తూటాలు ఇరుక్కోవడం ఖాయమనుకో. ట్రిగ్గర్‌ను ఒక కిలో బరువుతో పరీక్షించు. 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువును ఆపాలని నియమం. అంతకు తక్కువైతే పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే వెనక్కి పంపుతారు. మ్యాగజైన్లు ఎన్ని ఇస్తున్నారో అడుగు. పాత నమూనాలకు అవి తరువాత దొరకడం చాలా కష్టం.

అన్నిటికంటే ముఖ్యంగా, నీకు క్రమం తప్పకుండా దొరికే తూటాతోనే కనీసం యాభై సార్లు దాన్ని కాల్చి చూడనిమ్మని అడుగు. మేలైన దిగుమతి తూటాతో అమ్మేవారు కాల్చి చూపిస్తే అది పరీక్ష కాదు. ‘.22 లాంగ్ రైఫిల్’ అని పిలిచే ఈ తూటాలోని గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. సాధన తూటాల వేగం ధ్వని వేగానికి కాస్త తక్కువగా ఉంటుంది. ఆ కొద్దిపాటి శక్తితోనే పిస్టల్ వెనక్కి కదిలి, ఖాళీ గుల్లను విసిరి, తరువాతి తూటాను అందుకోవాలి. అందుకే స్ప్రింగు కాస్త గట్టిగా ఉన్నా, లోపల మైనం, మసి పేరుకున్నా అది మొరాయిస్తుంది. నేను మొదట కొన్న పిస్టల్ ఒక రకం తూటాకు తప్ప దేనికీ లొంగలేదు, ఆ రకం ఇక్కడి అంగడికి రావడం మానేసింది. రెండేళ్లు దాన్ని బీరువాలో దాచి, చివరకు నష్టానికి వదిలించుకున్నాను. నీకు అలా జరగకూడదని ఇంతగా చెబుతున్నాను.

తూటా పేలకపోతే ఏం చేయాలో ఈ ఉత్తరంలో రాయకుండా ఉండలేను. అంచు నిండా మందు సమంగా పరుచుకోని తూటాలు ఈ రకంలో అప్పుడప్పుడు తగులుతాయి. ట్రిగ్గర్ నొక్కినా శబ్దం రాకపోతే, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఒకసారి నా పక్క వరుసలో ఉన్న కుర్రవాడు పేలని పిస్టల్‌ను చూపించడానికి నావైపు తిరిగాడు. ఏమీ జరగలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శబ్దం వచ్చినా బలహీనంగా వినిపిస్తే, గుండు గొట్టంలోనే ఉండిపోయిందేమో చూడకుండా రెండోది కాల్చవద్దు. చిన్న తూటా కదా అని చెవులకు రక్షణ మానవద్దు. సీసం చేతికి అంటుకుంటుంది కనుక సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినవద్దు.

లైసెన్సు విషయంలో మన సరిహద్దువారు చేసే పొరపాటు ఒకటుంది. సాధనకూ పోటీలకూ నువ్వు విశాఖ వెళ్లక తప్పదు. లైసెన్సు ఒడిశాకు మాత్రమే చెల్లేదైతే, రాయగడలో రైలెక్కి పార్వతీపురం దాటేసరికే నువ్వు చట్టాన్ని మీరినవాడివి అవుతావు. దరఖాస్తులోనే ఆంధ్రప్రదేశ్‌ను కూడా చేర్చమని కారణం రాసి అడుగు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే ఉంటుంది. సాధనకు అది చాలకపోతే క్లబ్బు సభ్యత్వ పత్రం జతచేసి పెంచమని కోరాలి. ఆయుధ చట్టానికి 2019లో జరిగిన సవరణ తరువాత లైసెన్సు గడువు 5 ఏళ్లు, ఒకరి వద్ద ఉండగల ఆయుధాలు 2. ఎన్నికల వేళ స్టేషనులో అప్పగించమంటే రసీదు తీసుకో. ఇచ్చేముందు గొట్టంలో సన్నని తుపాకి నూనె పూయడం మరువకు, లేకుంటే తుప్పుతో తిరిగి వస్తుంది. వానాకాలంలో తోలు సంచిలో అసలు పెట్టవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె కూడా వద్దు, అది గడ్డకట్టి జిగురవుతుంది.

ఈ కాగితాలన్నీ తేలడానికి నెలలు పడుతుంది. అంతవరకు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో సాధన చెయ్యి. 4.5 మిల్లీమీటర్ల గుళికలతో, నిర్ణీత శక్తికి లోబడి ఉండే ఆ రకానికి ఆయుధ లైసెన్సు అక్కరలేదు. దాని లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే, నిదానంగా గురిపెట్టి కాల్చే 25 మీటర్ల లక్ష్యంలో అది 50 మిల్లీమీటర్లు. చిన్న వలయానికి అలవాటుపడిన చేతికి .22 పట్టినప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది ముఖ్యంగా అదురును తట్టుకోవడమే.

వచ్చే నెల మీ అమ్మను చూడడానికి ఇటు వచ్చినప్పుడు దరఖాస్తు కాగితాలు వెంట తీసుకురా. పూరించే ముందు ఒకసారి ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య