ప్రభుత్వాలు మారుతున్నా మత విశ్వవిద్యాలయం తన ఆశయం మీద నిలబడగలదా?

నిలబడగలదు. నాకు దగ్గరగా తెలిసిన ఉదాహరణ సెరంపూర్. నేను బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు చదివే డిగ్రీ) చదివింది హైదరాబాదులోని ఒక సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే కళాశాలలో. పట్టా ఇచ్చింది మాత్రం బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డునున్న సెరంపూర్ కాలేజీ సెనేటు, అంటే డిగ్రీలిచ్చే మండలి. మన లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్టు సంఘాల్లో బీడీ చదివిన పాస్టర్లు చాలామంది దగ్గర ఉండేది ఈ పట్టానే.

1818లో ఇంగ్లండు నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు ఆ కాలేజీ పెట్టేనాటికి ఊరు డెన్మార్క్ వాళ్లది. నదికి అవతల బారక్‌పూర్, అక్కడే గవర్నర్ జనరల్ బంగళా. 1813లో తన అనుమతి పత్రం మారేదాకా ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మిషనరీలను రానిచ్చేది కాదు. డేన్లు చోటిచ్చారు కాబట్టే అచ్చుకూటం నడిచింది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది అక్కడినుంచే. అయితే ఆ ఆశ్రయం ఎంత పలచనిదో ముగ్గురికీ తెలుసు. 1808లో ఇంగ్లీషువాళ్లు ఊరిని ఆక్రమించి 1815 దాకా తమ చేతుల్లోనే ఉంచుకున్నారు.

అందుకేనేమో, రాజుగారి దయతో సరిపెట్టుకోకుండా కాగితం రాయించుకున్నారు. మార్ష్‌మన్ కోపెన్‌హాగన్ వెళ్లి, 1827లో ఆరవ ఫ్రెడరిక్ చేత డిగ్రీలిచ్చే హక్కుతో చార్టరు, అంటే రాజుగారి అధికార పత్రం, ఇప్పించాడు. 1845లో డెన్మార్క్ సెరంపూర్‌నీ తమిళ తీరంలోని తరంగంబాడినీ పన్నెండున్నర లక్షల రూపాయలకు కంపెనీకి అమ్మేసినప్పుడు, కాలేజీ హక్కులకు భంగం రాదని ఆ ఒప్పందంలోనే రాశారు. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన సెరంపూర్ కాలేజీ చట్టం అన్ని సంఘాల వాళ్లూ కూర్చునే సెనేటును ఏర్పరిచింది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో సి.ఇ. అబ్రహాం తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. నా తరం చేతికి వచ్చిన పట్టా కూడా ఆ చార్టరు, ఆ చట్టం ఇచ్చిన అధికారంతోనే.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేవి 1833 నాటి కాలేజీ నిబంధనలు. క్రీస్తు దైవత్వాన్ని వ్యతిరేకించేవాళ్లకు కాలేజీని నడిపే కౌన్సిల్‌లో చోటు లేదు. కానీ కులం, రంగు, దేశం ఏవీ విద్యార్థి ప్రవేశానికి అడ్డు కాకూడదు. హిందూ, ముస్లిం పిల్లలూ వచ్చి చదువుకోవచ్చు. నడిపేవాళ్ల విషయంలో అంత కచ్చితం, చదివేవాళ్ల విషయంలో అంత ఉదారం. ఈ రెండింటినీ కలిపేసి గందరగోళపడే సంస్థలే ఎక్కువ. కొన్ని అందర్నీ మెప్పించాలని నడిపే విషయంలో పట్టు వదిలేస్తాయి, కొన్ని భయపడి తలుపులే మూసేసుకుంటాయి.

సెరంపూర్ కూడా ఒకసారి తలుపు మూసుకుంది. 1883లో ఆర్ట్స్ తరగతులు ఆపేసి క్రైస్తవ శిక్షణ వరకే కుదించుకుంది. ఆ పని చేసింది ఏ ప్రభుత్వమో కాదు, మిషను వాళ్లే. అప్పటికి చార్టరు కూడా పెట్టెలో పడుంది. జార్జ్ హవెల్స్ ప్రిన్సిపాల్‌గా వచ్చాక దాన్ని బయటికి తీశారు. 1911లో ఆర్ట్స్ తరగతులు మళ్లీ మొదలయ్యాయి, 1915లో తొలి బీడీ డిగ్రీలిచ్చారు. అంటే హక్కు చేతికొచ్చిన 88 ఏళ్లకు! కాగితం ఒక్కటే ఆశయాన్ని బతికించదు గానీ, తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి అదే ఆధారమైంది.

ఇక నా అనుభవం. సకల జనుల సమ్మె రోజుల్లో మా హాస్టల్లోనూ రెండు పక్షాలుండేవి. కోస్తా వాళ్లం ఒక బల్ల దగ్గర, తెలంగాణ మిత్రులు ఇంకో బల్ల దగ్గర భోజనం. చాపెల్‌లో (కాలేజీ ప్రార్థన మందిరంలో) ప్రార్థన చేసేవాళ్లు ఏ రాష్ట్రం పేరెత్తుతారోనని అందరం చెవులు రిక్కించేవాళ్లం. మాకు బైబిలు పాత నిబంధన చెప్పే అయ్యగారు మాత్రం ఆమోసు ప్రవక్త పాఠం ఆపలేదు. ఒకే జాతి చీలి ఏర్పడ్డ రెండు రాజ్యాలు ఇశ్రాయేలు అయినా యూదా అయినా, తప్పు చేసినవాళ్లను ఆ ప్రవక్త వదల్లేదని చెప్పి, నీళ్లూ నియామకాల గురించి మా ఇద్దరి వాదాలూ తరగతిలోనే చెప్పించారు. మమ్మల్ని నోరు మూసుకోమని ఆయన అనలేదు, తాను ఏ జెండా కిందికీ రాలేదు. అదే సిలబస్‌లో హిందూ, ఇస్లాం మతాలను కూడా గౌరవంగా చదివి పరీక్ష రాశాం. పాస్టరుగా పల్లెలో తిరిగేటప్పుడు నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ చదువే.

మీరు మీ సంస్థ గురించే అడుగుతుంటే, పార్టీల మేనిఫెస్టోల కంటే ముందు మీ బైలాస్ (సంస్థ నియమావళి) తీసి చూడండి. కౌన్సిల్‌లో ఎవరు కూర్చోవచ్చు, ఎవరిని చేర్చుకోవాలి అన్నవి రెండూ స్పష్టంగా రాసి ఉన్నాయా? తర్వాత జీతాల డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక బయటి డబ్బు మీదే నడిచే సంస్థలకు నిబంధనలు బిగుసుకున్నాయి. సొంత సంఘాల కానుకలతో కనీసం అధ్యాపకుల జీతాలైనా గడిచేలా ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి.