చెక్క మాడుతోందా? బ్లేడు మార్చే ముందు గాడి దగ్గర కొలవండి

గ్యారేజీలో కొత్తగా టేబుల్ రంపం (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే యంత్రం) పెట్టుకున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే సందేహం ఒకటే: "కోసిన అంచు మాడి నల్లబడుతోంది, బ్లేడు మార్చాలా?" తొందరపడకండి. బ్లేడు మొద్దుబారితే మాడే మాట నిజమే. కానీ పళ్ల మీద చెక్క జిగురు గట్టిపడినా మాడుతుంది, ఫెన్స్ అనే పక్క పట్టీ బ్లేడుకు సమాంతరంగా లేకపోయినా మాడుతుంది. నన్ను కలవరపెట్టేది ఈ చివరి కారణమే. అంచును మాడ్చే ఆ వంకరే ఒక్కోసారి చెక్కను మీ మీదికి విసిరేస్తుంది.

విదేశాల్లో కొత్తగా స్థిరపడినవారు చాలామంది పాత యంత్రం కొని మొదలుపెడతారు. పిలవగానే ఇంటికి వచ్చి సరిచేసేవారు దొరకడం కష్టం. కాబట్టి ఈ పని మీరే నేర్చుకోవాలి. నేర్చుకోవడం కష్టమేమీ కాదు.

ముందుగా ప్లగ్ పీకండి. స్విచ్ ఆపి ఊరుకోకండి. ఈ విషయంలో నాకు మినహాయింపులు లేవు.

బల్ల మీద ముందు నుంచి వెనక్కి సాగే మైటర్ గాడి ఉంటుంది కదా, అన్ని కొలతలకూ అదే ఆధారం. బ్లేడును పూర్తిగా పైకి లేపి, ముందు వైపున్న ఒక పన్ను మీద పెన్నుతో గుర్తు పెట్టండి. జరిపి బిగించే స్కేలున్న మూలమట్టాన్ని గాడి అంచుకు ఆనించి, స్కేలు కొస ఆ పన్నుకు తాకేలా బిగించండి. ఇప్పుడు అదే పన్నును వెనక్కి తిప్పి, మూలమట్టాన్ని అక్కడికి జరిపి చూడండి. రెండు చోట్లా ఒకే పన్నును చూస్తే బ్లేడులో స్వల్పంగా వంపు ఉన్నా కొలత చెడదు. తేడా 0.1 మిల్లీమీటరు లోపు ఉంటే చాలు. సూక్ష్మమైన తేడాలు చూపే ఖరీదైన డయల్ ఇండికేటర్ ఉంటే మంచిదే కానీ, దాని కోసం ఈ పని వాయిదా వేయనక్కర్లేదు.

తేడా ఎక్కువగా ఉంటే సరిచేసే తీరు యంత్రాన్ని బట్టి ఉంటుంది. బరువైన క్యాబినెట్ రకంలో బల్లను పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి బల్లనే కాస్త జరుపుతారు. తేలికపాటి కాంట్రాక్టర్ రకంలో బల్ల అడుగున బ్లేడు భారాన్ని మోసే ట్రనియన్లను జరపాలి.

ఆ తర్వాతే ఫెన్స్ సంగతి. అది కూడా గాడికి సమాంతరంగా ఉండాలి. దాని వెనుక కొన బ్లేడు వైపు వెంట్రుకవాసి కూడా వాలకూడదు. దూరంగా ఆ మాత్రం జరిగితే ఫర్వాలేదు. బ్లేడు వెనుక పళ్లు పైకి లేచి మీ వైపు తిరుగుతాయి. చెక్క ఆ పళ్లకూ ఫెన్స్‌కూ మధ్య ఇరుక్కుంటే వాటితో పాటే లేచి మీ మీదికి వస్తుంది. దాన్ని అడ్డుకోవడానికే బ్లేడు వెనుక రివింగ్ నైఫ్ అనే పలుచని లోహపు రేకు ఉంటుంది. దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువగా, పళ్లు కోసే చీలిక కంటే తక్కువగా ఉండాలి. 3.2 మిల్లీమీటర్ల చీలిక కోసం చేసిన నైఫ్‌ను అలాగే ఉంచి 2.4 మిల్లీమీటర్ల పలుచని బ్లేడు బిగిస్తే, చెక్క నైఫ్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు విసుగుతో నైఫ్ తీసి పక్కన పెట్టేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, సరిపోయే బ్లేడు తెచ్చుకోండి. దేశం మారుతూ బ్లేడ్లు వెంట తెచ్చుకున్నవారు మధ్య రంధ్రం కూడా చూసుకోవాలి. అమెరికాలో 10 అంగుళాల బ్లేడుకు సాధారణంగా 15.9 మిల్లీమీటర్లు, ఐరోపాలో 30.

చలి దేశాల్లో పోత ఇనుప బల్లకు అసలు శత్రువు తుప్పు. రాత్రంతా చల్లబడిన ఇనుము మీదికి తేమతో కూడిన వెచ్చని గాలి వస్తే నీటి పొర పట్టేస్తుంది. చలికాలం ముగిసే రోజుల్లో ఇది మరీ ఎక్కువ. పక్కనే కారు నిలిపితే దాని నుంచి కరిగి కారే మంచులో రోడ్ల మీద చల్లిన ఉప్పు కూడా ఉంటుంది. తుప్పు కనిపిస్తే మినరల్ స్పిరిట్ (రంగులు పలుచన చేసే ద్రవం) అద్దిన సన్నని స్టీల్ ఊల్‌తో రుద్ది, తుడిచి, ఆరాక పేస్టు మైనం పలుచగా పట్టించి మెరుగు పెట్టండి. సిలికాన్ కలిసిన మైనం వద్దు. అది చెక్కకు అంటుకుంటే తర్వాత వేసే వార్నిష్ సరిగా పట్టదు. మైనం రాసిన బల్ల మీద చెక్క తేలిగ్గా జారుతుంది కాబట్టి నెట్టడానికి అదనపు బలం అక్కర్లేదు.

బ్లేడు శుభ్రం చేయడం చిన్న పని. జిడ్డు వదిలించే ద్రావణంలో కాసేపు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో తోమి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. మొద్దుబారిందనుకున్న బ్లేడు చాలాసార్లు దీనితోనే మళ్లీ చక్కగా కోస్తుంది. కార్బైడ్ పన్ను ఊడినా, పగులు కనిపించినా మాత్రం దాన్ని వాడవద్దు.

లోపలి మరలకూ గేర్లకూ మామూలు నూనె పోయకండి, పొట్టు ముద్దకట్టి పట్టేస్తుంది. బ్రష్‌తో దులిపి పొడి లూబ్రికెంట్ వేయండి. దులిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

90 డిగ్రీల దగ్గర బ్లేడును ఆపే స్టాపు మీద కూడా పొట్టు పేరుకుంటుంది. అది తీసి, చివరగా వెడల్పయిన పలకను దాని పొడవాటి సన్న అంచు మీద నిలబెట్టి, గాడిలో జారే మైటర్ గేజ్‌తో అడ్డంగా కోయండి. ఒక ముక్కను తలకిందులు చేసి రెండు కోత అంచులనూ ఫెన్స్ వెంట కలపండి. సందు లేకపోతే బ్లేడు నిటారుగా ఉన్నట్టే. సందు ఉంటే అది అసలు తేడాకు రెండింతలు, కాబట్టి సగమే సరిచేసి మళ్లీ కోసి చూడండి.