ఓసీటీఏ టోల్ డబ్బుతోనే రైళ్లు నడుపుతుందా?

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో టోల్ లేన్లు, రైళ్లు రెండూ చూసేది ఓసీటీఏ అనే రవాణా సంస్థే. దాంతో టోల్ డబ్బులే రైళ్లకు వెళ్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

91వ నంబరు ఫ్రీవే మధ్యలో పది మైళ్ల టోల్ లేన్లను 1995లో ఒక ప్రైవేటు కంపెనీ కట్టి తెరిచింది. ఒప్పందంలో ఒక మెలిక ఉంది: పక్కనున్న ఉచిత లేన్లను ప్రభుత్వం పెంచకూడదు. పెంచితే టోల్ కట్టేవాళ్లు తగ్గిపోతారు కదా! పొరుగునున్న రివర్‌సైడ్ కౌంటీ నుంచి రోజూ ఉద్యోగాలకు వచ్చేవాళ్లు ఆ ట్రాఫిక్‌లో నలిగిపోయారు. ఇది చాలా అన్యాయమైన షరతని నా అభిప్రాయం. చివరికి 2003లో ఓసీటీఏ 20.75 కోట్ల డాలర్లు పెట్టి ఆ లేన్లను కొనేసింది, మెలిక పోయింది.

అక్కడ టోల్ గేటు ఉండదు. అద్దానికి అంటించిన ట్యాగ్‌ని పైనున్న యంత్రం చదువుతుంది. రేటు గంటను బట్టి మారుతుంది. సాయంత్రం అందరూ ఇళ్లకు బయల్దేరే వేళ బాగా ఎక్కువ. కారులో ముగ్గురుంటే చాలా వేళల్లో ఉచితం.

ఖర్చులు పోగా మిగిలిన టోల్ ఆదాయం చట్టం ప్రకారం 91 మార్గం మెరుగుదలకే వాడాలి. మెట్రోలింక్ రైళ్లకు, శాంటా ఆనా స్ట్రీట్‌కార్‌కు (వీధిలో పట్టాలపై నడిచే ట్రామ్) ముఖ్యమైన ఆసరా వేరే ఉంది: కొనే వస్తువులపై అర శాతం అమ్మకం పన్ను. 1990లో ఓటర్లే దాన్ని ఒప్పుకున్నారు, 2006లో మళ్లీ ఓటేసి మరో 30 ఏళ్లు పొడిగించారు.