ఎప్లాస్టిక్ అనీమియాకు డెనజాల్ మాత్రలు

ప్రశ్న: మా చెల్లెలికి 23 ఏళ్లు. ఎముక మూలుగ పరీక్షలో ఎప్లాస్టిక్ అనీమియా అని తేలింది. రెండు నెలలుగా డెనజాల్ వాడుతోంది. రక్తం పెరగలేదు సరికదా, ముఖం మీద వెంట్రుకలు వస్తున్నాయి, గొంతు బొంగురుపోతోంది. ఇవి స్టెరాయిడ్లనీ, మానేయమనీ బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: డాక్టరుకు చెప్పకుండా మాత్రలు ఆపవద్దు. అయితే గొంతు మార్పు సంగతి ఈ వారమే చెప్పండి. మందు తగ్గించినా, ఆపినా వెంట్రుకలు క్రమంగా తగ్గవచ్చు గానీ, మారిన గొంతు ఒక్కోసారి మళ్లీ మామూలు కాదు.

ఈ జబ్బులో మూలుగలోని మూలకణాలు, చాలామందిలో సొంత రోగనిరోధక వ్యవస్థ దాడి వల్లే, దెబ్బతిని రక్తకణాల తయారీ పడిపోతుంది. ఇనుము లోపం కాదు కనుక ఐరన్ మాత్రలతో తగ్గదు. పదే పదే రక్తం ఎక్కించుకునే వారికి అవి హాని కూడా చేస్తాయి. డెనజాల్, స్టానోజోలాల్ వంటి పురుష హార్మోన్ తరహా మందులు (ఆండ్రోజెన్లు) ఎర్రకణాల తయారీని ప్రేరేపించే ఎరిత్రోపాయిటిన్ హార్మోనును పెంచి, మూలకణాల్లో క్రోమోజోముల చివరలను కాపాడే టెలోమరేజ్ అనే ఎంజైమును చురుకు చేస్తాయి. ఫలితం తెలియడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది కాబట్టి రెండు నెలలకే పనిచేయలేదని తేల్చలేము. ఈలోగా కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. కళ్లు పచ్చబడితే వెంటనే చూపించాలి. గర్భిణులు డెనజాల్ వాడకూడదు, ఆడశిశువుపై ప్రభావం పడుతుంది.

అసలు నేను అడగదలచుకున్నది వేరు. ఆమెకు జబ్బు ఎంత తీవ్రంగా ఉంది? మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 500 లోపు, ప్లేట్‌లెట్లు 20,000 లోపు ఉంటే తీవ్రమైనదిగా అనుమానించాలి. అలాంటప్పుడు ఈ వయసులో మొదటి చికిత్స, కణాలు సరిపోయే తోబుట్టువు నుంచి మూలుగ మార్పిడి. ఒక్కొక్క తోబుట్టువుకూ ఆ అవకాశం 25 శాతం. కణాలు సరిపోతాయో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష మీరు చేయించుకున్నారా? కుదరకపోతే రోగనిరోధక వ్యవస్థ దాడిని అణచే ఏటీజీ, సైక్లోస్పోరిన్, వాటికి తోడు మూలకణాలను ప్రేరేపించే ఎల్‌ట్రాంబోపాగ్ అనే మందులు ఉన్నాయి. ఆండ్రోజెన్లు ఇవేవీ లేని 1960లలో వాడుకలోకి వచ్చినవి; ఇప్పుడు వాటి స్థానం ఇవి ఫలించనప్పుడో, అందుబాటులో లేనప్పుడో, కొన్ని వంశపారంపర్య రకాల్లోనో మాత్రమే. హైదరాబాద్ నిమ్స్ వంటి చోట హెమటాలజిస్టు (రక్తవ్యాధుల నిపుణుడు) అభిప్రాయం తీసుకోండి. ఖర్చు విషయం ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ప్రేమకొద్దీ ఇంటిల్లిపాదీ రక్తమిస్తామని ముందుకు వస్తారు. మార్పిడి సంగతి తేలేవరకు రక్తసంబంధీకుల రక్తం ఆమెకు ఎక్కించవద్దు; శరీరం దాత కణాలను తిరస్కరించే ముప్పు పెరుగుతుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకుండా, అర్ధరాత్రయినా వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.