సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ రాశారు, భయం లేదా?

మీ నాన్నగారి మోచేతుల మీద, నడుము మీద సోరియాసిస్‌కి (చర్మం ఎర్రబడి పొలుసులు రేగే జబ్బు) ఇన్నాళ్లూ మందుల షాపులో ఇచ్చిన క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ పూతమందు పూశారు, ఇప్పుడు డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే "క్యాన్సర్ మందు కదా" అని ఆయన వేసుకోనంటున్నారు, అంతేగా? టెన్షన్ పడకండి. క్యాన్సర్‌కి ఇచ్చే డోసులు చాలా పెద్దవి. సోరియాసిస్‌కి మామూలుగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములే.

భయపడాల్సింది వేరేచోట. ఇది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాల మీదకు వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో అట్ట మీదే తెలుగులో రాసి పెట్టండి, ఆ మాత్రలు మీ దగ్గరే ఉంచుకుంటే ఇంకా మంచిది. దీనితోపాటు ఇచ్చే విటమిన్ మాత్ర ఫోలిక్ యాసిడ్ ఎప్పుడు వేయాలో డాక్టరు చెబుతారు, సాధారణంగా వేరే రోజున. రక్తం, లివర్, కిడ్నీ పరీక్షలు మొదలుపెట్టే ముందూ, తర్వాతా తప్పవు. మద్యం మానాల్సిందే. జ్వరం, నోటిపూత, ఆయాసం వస్తే తర్వాతి డోసు వేయకుండా వెంటనే చూపించండి. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ అడగకుండా వద్దు.

గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఈలోగా ఎవరో చెప్పారని స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం చేయించకండి. తగ్గినట్టే తగ్గి, ఆపగానే చీముపొక్కులతో తిరగబెట్టవచ్చు. మెథోట్రెక్సేట్ పడకపోతే ఫొటోథెరపీ (చర్మానికి ప్రత్యేక కాంతితో చేసే చికిత్స), అప్రెమిలాస్ట్ మాత్రలు ఉన్నాయి. సెకుకినుమాబ్ లాంటి ఇంజెక్షన్లూ ఉన్నాయి గానీ ఖరీదెక్కువ, ముందు టీబీ పరీక్ష చేయాలి.

ఆయనకు పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయా? అలాగైతే డాక్టరుకు తప్పక చెప్పండి, సోరియాసిస్ కీళ్లకూ పాకితే మందుల ఎంపిక మారుతుంది.