ఆలివ్ నూనె అక్కరలేదు, సీసా వెనక చూసి కొనండి

మీ నాన్నగారి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 160 దాటిందని, డాక్టరు నూనె మార్చమన్నారని, ఆలివ్ నూనె కొనాలా అని అడిగారు. మా అత్తగారికి కొలెస్ట్రాల్ ఎక్కువని తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో నూనెల సంగతి నేనే చూస్తున్నాను. మన పోపులకు, కూరలకు ఆలివ్ నూనె అవసరం లేదు. ఆ డబ్బుతో బాదంపప్పు కొనండి.

సీసా ముందువైపు "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉంటే పట్టించుకోకండి. మొక్కల నూనె దేనిలోనూ అది చెప్పుకోదగినంత ఉండదు, పామాయిల్‌లో కూడా. చూడవలసింది వెనక చిన్న అక్షరాల్లో ఉండే సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్). ఎల్‌డీఎల్‌ను పెంచేది అదే. వంద గ్రాముల పొద్దుతిరుగుడు నూనెలో అది సుమారు 11 గ్రాములు, నువ్వుల నూనెలో 14, వేరుశనగ నూనెలో 17 నుంచి 20, తవుడు నూనెలో 20 దాకా. పామాయిల్‌లో 40 నుంచి 50. నెయ్యిలో 60 పైన, కొబ్బరి నూనెలో 80 పైన.

మేము తవుడు నూనె, వేరుశనగ నూనె మార్చి మార్చి వాడుతున్నాం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒకే నూనెకు కట్టుబడవద్దనే చెబుతుంది. ఆవకాయకు మాత్రం నువ్వుల నూనే, ఆ విషయంలో అత్తగారితో చర్చ ఉండదు. గానుగ నూనె రుచి నాకూ ఇష్టమే. అయితే అందులోని కొవ్వుల లెక్క రిఫైన్డ్ నూనెకు దాదాపు సమానం, గానుగదని ధారాళంగా పోయకూడదు.

నూనె పేరు కన్నా కొలత ముఖ్యం. నెలకు మనిషికి అరలీటరు, అంటే రోజుకు సుమారు మూడు టీస్పూన్లు. నలుగురికి రెండు లీటర్లు నెల మొదట్లోనే డబ్బాలో పోసి పెడతాను. అరిసెల పుణ్యమా అని సంక్రాంతి నెలలో ఈ లెక్క నిలవదు, నేనూ పట్టుబట్టను. గారెలు వేయించిన నూనెను మాత్రం మళ్లీ మూకుడులో కాచను. వడకట్టి రెండు మూడు రోజుల్లో పోపులకు వాడేస్తాను.

కష్టమైంది బిస్కెట్ల దగ్గర. చాలావాటిలో పామాయిలే ఉంటుంది, బేకరీ పఫ్‌లలో వనస్పతి. 2022 నుంచి వనస్పతి లాంటివాటిలో ఉండే మరో చెడు కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, 2 శాతం మించరాదనే నిబంధన వచ్చినా సంతృప్త కొవ్వు ఎక్కడికీ పోలేదు. సాయంత్రం టీతో బిస్కెట్లకు బదులు వేయించిన శనగలు పెడితే అత్తగారు వారం రోజులు అలిగారు.

ఆవిడ ఎల్‌డీఎల్ తగ్గింది. మాత్ర కూడా వేసుకుంటున్నారు కనుక అందులో నూనె వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మీ నాన్నగారికి మాత్ర రాసి ఉంటే నూనె మార్చామని ఆపకండి. మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టరునే అడగండి.