మృదంగం పెద్దాయనది, కచేరీ మీది

ప్రశ్న: నేను ఐదున్నర శ్రుతిలో (పాటకు ఆధారమైన స్వరస్థాయి) పాడతాను. వచ్చే నెల రెండు గంటల కచేరీకి ఒక సీనియర్ మృదంగ విద్వాంసులు, ఘటం పక్కవాద్యాలు. పెద్దాయన వేగం పెంచేస్తారనీ, తని ఆవర్తనం (పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ఇరవై అయిదు నిమిషాలు సాగదీస్తారనీ అంటున్నారు. ఏమీ అనలేను. ఎలా?
- ఒక గాయని, రాజమండ్రి

జవాబు: వేదిక మీద ఏమీ అనకండి, అక్కడ ఎలాగూ మీరే ఓడిపోతారు. అనాల్సింది వారం ముందు, ఫోన్లో. ముందు మీ శ్రుతి చెప్పండి, దానికి తగిన మృదంగం తెచ్చుకుంటారు. తర్వాత కృతుల వరస, తాళాలు, ఎత్తుగడలు (తాళంలో పాట ఎక్కడ అందుకుంటారో). తని గురించి మాత్రం, మెయిన్ అంటే ప్రధాన కృతి, రెండు కళలంటే ఒక్కో దెబ్బ రెండేసి సార్లు వేసే నిదానపు తాళం కాబట్టి, "మెయిన్ రెండు కళల ఆది తాళంలో అనుకుంటున్నానండీ, ఎనిమిదికల్లా హాలు ఖాళీ చేయాలట. తని పన్నెండు నిమిషాల్లో సరిపోతుందాండీ?" అని అడగండి. హాలు గడువు సంగతి సభ కార్యదర్శి చేత కూడా చెప్పించండి. ఘటం ఉంటే వంతులు పెరిగి తని సాగుతుంది. ఇద్దరూ ఒక్కో వంతు వాయించగానే కురైప్పులోకి (వంతుల నిడివి తగ్గించుకుంటూ పోయే భాగం) వెళ్తే అయిదారు నిమిషాలు మిగులుతాయి. ఆ మాటా అప్పుడే అడిగేయండి.

మృదంగం మోత అని గాయకులు వాపోయేదాంట్లో సగం వాళ్ల మానిటర్లోంచి (వేదిక మీద గాయకులకు వినిపించే స్పీకర్) వచ్చేదే. సౌండ్ చెక్‌లో మీ మానిటర్ నుంచి మృదంగం తీయించి తంబుర, మీ గొంతు, కొంచెం వయొలిన్ ఉంచుకోండి. వలంతల (మృదంగం కుడివైపు ముఖం) మైకు జానెడు వెనక్కి జరపాలంటే ఆయన్నే అడిగి జరపండి. చాలామంది పెద్దలకు మైకంటేనే గిట్టదు, సంతోషంగా ఒప్పుకుంటారు.

వేగం పెరగడంలో మన చేతికీ పాలుంటుంది. ఆయన నడక వింటూ మన తాళం పరుగెడుతుంది. చిట్టస్వరం (వర్ణంలో వచ్చే స్వరాల వరస) తొణకకుండా పాడగల కాలప్రమాణంలోనే (వేగంలోనే) కచేరీ మొదటి వర్ణం ఎత్తుకోండి. జారుతోందనిపిస్తే పల్లవి పంక్తిలో ఒక కార్వై (స్వరాన్ని సాగదీసి నిలపడం) నిలబెట్టి, అనుపల్లవి దగ్గర మళ్లీ మీ నడకకు తెచ్చుకోండి. నెరవులో (ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా పాడేచోట) ఆయన దట్టంగా వాయిస్తే గొంతు పెంచకండి, పెంచితే అది పోటీ అవుతుంది. మంద్రంలోకి దిగి మెల్లగా పాడండి. చాలామంది వెంటనే తగ్గుతారు.

తనిలో గడియారం చూడకండి. రెండు కళల తాళం ఆయనకు కనబడేలా వేయండి. తని చివర వచ్చే మోహరా మొదలవగానే సాహిత్యం గుర్తు చేసుకోండి, కోర్వై (మూడుసార్లు వాయించే ముగింపు వరస) మూడోసారి ముగిసిన చోటే మీ ఎత్తుగడ. అది తప్పితే తాళం ఆపకుండా ఇంకో ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఆగి అందుకోండి.

ఆయన మైకులో చులకనగా మాట్లాడితే అది వేరే సంగతి. కార్యదర్శికి చెప్పి, మరుసటిసారి వేరొకరిని అడగండి.